రసమట్టం బాబాయి

లోకమున పనిచేయువారు కొందరు, పనిచేయనివారు కొందరు, పనిచేయువారు కూర్చున్న పీట ఎత్తు సరిచూచువారు మరికొందరు. మొదటివారివలన లోకము నడచుచున్నది. రెండవవారివలన దానికి పెద్ద హాని లేదు. మూడవ తెగను గూర్చి మాత్రము మన పూర్వులు ఏ నీతిశాస్త్రమునను ఒక్క శ్లోకమైనను చెప్పక విడిచినట్లు కనబడుట వింతగా నుండును. బహుశః చెప్పబోయినవాని వ్యాసపీఠము ఎత్తు చాలలేదని ఎవరో వచ్చి అతనిని లేపియుందురు.

ద్వారకా తిరుమలలో ఈ తెగకు శిరోభూషణమైన పెద్దమనిషి యొకరు కలరు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలో భద్రముగానే ఉన్నది గాని, కొండ దిగువ వీధులలో ఆయనను రసమట్టం బాబాయి అననిదే చిన్నపిల్లలు కూడ ఆనవాలు పట్టరు. తాపీమేస్త్రీ గోడపై నుంచి చూచు రసమట్టములోని గాలిబుడగ నడుమకు వచ్చువరకు ఎట్లు కుదురుకొనదో, కంటబడిన వస్తువు తాను తలచిన ఎత్తునకు వచ్చువరకు ఈయన ప్రాణము అట్లే కుదురుకొనదు. ఆ పరికరము నిజముగానే ఆయన భుజమున వ్రేలాడు గుడ్డసంచిలో, ఒక టేపుతోను, సుద్దముక్కతోను, అప్పుడప్పుడు నోటిలో వేసికొను వక్కపలుకులతోను కలిసి నివసించుచుండును.

ఈ విద్య ఆయనకు ఎట్లబ్బినదని అడుగరాదు; అడిగితిమేని కొల్లేరు దాక నడువవలసివచ్చును. ఎన్నడో యౌవనమున నాలుగు నెలలపాటు సర్వేవారి వెంట కొల్లేటి గట్లమీద కొలతకర్ర పట్టుకొని నిలిచిన అనుభవమే ఆయన సర్వవిద్యలకు పునాది. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పళ్లెము వలె పరచుకొనియున్న ఆ సరస్సునందు జనుల జీవితమంతయు ఎత్తుమీదనే ఆధారపడియున్నదన్నది వాస్తవమే. 1999లో ప్రభుత్వము ఐదవ కాంటూరు, అనగా ఐదడుగుల ఎత్తుగీత, వరకు గల 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించినది. 2006లో ఆ గీత లోపలి చేపలచెరువుల గట్లు యంత్రములతో తెగగొట్టబడినవి. ఐదవ కాంటూరు వద్దు, మూడవదానికి దింపుడని కోరువారికిని, కూడదనువారికిని నేటికిని వాదము తెగలేదు. బాబాయి ఈ కథనంతయు చెప్పి, చివరకు ఇట్లు ముగింతురు: "రెండడుగుల తేడాకే ఇంత రాద్ధాంతం అయ్యిందండీ. మరి మీ పొయ్యిగట్టు నాలుగంగుళాలు ఎక్కువుంటే మీ ఇంటావిడ గతేం కావాలో ఆలోచించారా?" ఆ మాట విన్న ఇంటావిడ అదివరకు ఆలోచించనిదైనను, ఆ సాయంకాలము నుండి ఆలోచించుట మొదలిడును.

ఆయన చేయి పడని వస్తువు మా ఊరిలో అరుదు. మంచము కోళ్ల కింద ఇటుకలు, కడవ కింద కుదురు, గోడమీది పటములు, పెండ్లిపందిరి రాటలు అన్నియు ఆయన ఆమోదముద్ర పొందవలసినవే. సభలయందు ఉపన్యాసకుని నోటికిని మైకునకును గల దూరము సరిచేయుటకు ఆయన వేదిక నెక్కినచో, ఉపన్యాసము పొడవు సగమునకు తగ్గుననుట మాత్రము ఆయన చేసిన లోకోపకారములలో లెక్కింపదగినది. 2015లో తాడేపల్లిగూడెమున నిట్ వెలసిన పిదప ఒకనాడు అక్కడకు పోయి తరగతిగది బల్లలు కొలిచి వచ్చినారని వదంతి. నేను చూడలేదు గాని నమ్ముచున్నాను. ఆయన సొంత యింటి వీధితలుపు మాత్రము బందు సడలి నేలకొరసికొనుచు, తీయవలెనన్న రెండు చేతులతో ఎత్తి తీయవలసిన స్థితిలో ఏండ్ల తరబడి యున్నది. వైద్యుని ఇంట రోగములు ఉండవని ఎవరన్నారు?

ఇక మా చెల్లెలి కుట్టుమిషను సంగతి. ఏలూరులో ఒక పాతసామాను అంగడిలో తొక్కుడు మిషను కొని, భీమడోలు మీదుగా ట్రాలీ ఆటోలో తెప్పించి, మా వీధి అరుగుమీద దింపించినది. వైశాఖమాసము, కొండమీద స్వామికి కల్యాణము, కొండ కింద సత్రములనిండ మానవులకు కల్యాణములు, చుట్టుపట్ల ఊళ్లనుండి వచ్చిన పండ్రెండు జాకెట్లు, ఆరు చీరల ఫాల్సులు, రెండు పరికిణీలు మూటగట్టి గూటిలో నుండగా, దారము ఎక్కించి కూర్చుండబోవు శుభముహూర్తమున మెట్లకింద నుండి కంఠధ్వని వినబడినది.

"అమ్మాయ్, దీని ఎత్తు కుదర్లేదే!"

"ఇంకా కూర్చోనేలేదు బాబాయ్."

"కూర్చున్నాక నడుం పోద్ది. పోయాక బాబాయి చెప్పలేదంటావు. లే, లే!"

ఆయన చెప్పు శాస్త్రము తప్పు కాదు. వచ్చిన చిక్కంతయు అదియే. కుట్టువారి మోచేయి లంబకోణమున ఒదిగి, ముంజేయి బల్లకు సమముగా సాగవలెను. బల్ల అంతకు మించి లేచినచో భుజములు చెవులను తాకబోవును. దిగినచో వీపు విల్లగును. అరికాళ్లు రెండును పెడలుపై నిండుగా ఆనవలెను. సూదిని చూచుటకు మెడ ఇంచుక మాత్రమే వంగవలెను. ముప్పది అంగుళముల బల్లకు ఇంచుమించు పదునెనిమిది అంగుళముల పీట అమరును. దినమునకు పదిగంటలు తొక్కి తొక్కి, నలుబదియవ యేటికే మెడ తిప్పలేక నడుమునకు పట్టీ బిగించుకొని తిరుగు దర్జీలు మన వీధివీధినా కలరు. వారికి చిన్ననాడు ఈ నాలుగు ముక్కలు చెప్పినవారుండిన ఎంత బాగుండెడిదో! కావున బాబాయిని చూచి నవ్వువారు ఆయన లెక్కను చూచి నవ్వరాదు.

నవ్వవలసినది ఆ లెక్క ఎవరి మోచేతితో కట్టుచున్నారన్న విషయమును గూర్చి. బాబాయి ఆరడుగుల ఆజానుబాహువు. మా చెల్లెలు ఐదడుగులకు రెండంగుళములు తక్కువ. ఆయన తానే పీటమీద కూర్చుండి, తన మోచేతిని తానే మడిచి, తన మోకాళ్లు బల్ల అడుగున కొట్టుకొనుచున్నవని తానే నొచ్చుకొని, నాలుగు ఇటుకలు తెప్పించినారు. నలుగురము కలిసి ఇనుపకాళ్లు ఎత్తి ఇటుకలమీద నిలిపితిమి. బల్ల మూడంగుళములు లేచినది. దానితోపాటు ఆ కాళ్లకే బిగించియున్న పెడలును మూడంగుళములు లేచినది. పెడలుతో బాబాయి పాదములును, పాదములతో మోకాళ్లును లేచి, యథాపూర్వముగా బల్లను ఢీకొన్నవి.

తొక్కుడు మిషనునందు బల్లకును పెడలునకును నడుమ దూరము కార్ఖానాలో ఇనుము పోతపోసిన నాడే స్థిరపడినది. ఇటుకలు, దిమ్మెలు, దేవతలు కూడ దానిని మార్చజాలరు. మార్చదగినది కూర్చొను పీట ఒక్కటే. ఈ సత్యము నాకు ఆ క్షణమున స్ఫురించినది గాని, చెప్పుటకు అవకాశమేది? పీట కిందను ఇటుకలు పెట్టించి, మిషనును మనిషిని కలిపి మూడంగుళములు ఆకాశమునకు చేరువ చేసి, బాబాయి తృప్తితో చేతులు దులుపుకొనినారు.

అప్పుడు మిషను ఊగుట మొదలిడినది. వానకాలమున జల్లునీరు వీధిలోనికి జారునట్లు మా తాతగారు అరుగునకు వాలు పెట్టించియుండిరి. ద్వారకా తిరుమలలో కొరతలేని వస్తువు శుభలేఖ గనుక, బాబాయి మా గూటినుండి ఒక కట్టను దింపించి, రసమట్టము బల్లపై నుంచి, బుడగను చూచుచు, పాత బంధువుల పెండ్లిండ్లను ఒక్కొక్కటిగా మడిచి ఇటుకల కింద దూర్చసాగినారు. మధ్యాహ్నమునకు బుడగ నడుమకు వచ్చినది. పరీక్షార్థము ఆయనయే తొక్కినారు. తొలి తొక్కుడు తిరగబడి చక్రము వెనుకకు తిరుగగా, దారము పుటుక్కున తెగి, షటిల్ కింద పిచ్చుకగూడు కట్టుకొన్నది. "మిషన్‌లో లోపం ఉందమ్మాయ్," అన్నారు బాబాయి, మిక్కిలి జాలిగా.

రెండవ దినమున పని సాగలేదు, చరిత్ర సాగినది. సింగరు దొర 1851లో అమెరికాలో కుట్టుమిషనుకు పేటెంటు పొందెననియు, తొలినాళ్లలో ఆ యంత్రమును పెట్టి పంపిన కొయ్యపెట్టెయే దానికి బల్లగా కూడ అక్కరకు వచ్చెడిదనియు, అనగా ఎత్తు సమస్య నాడే పుట్టినదనియు బాబాయి వివరించినారు. యంత్రములను అంతగా శంకించిన గాంధీగారు కూడ 1924లో ఈ యంత్రమును మినహాయించి, భార్య చేతికుట్టుతో పడు పాట్లు చూడలేక ప్రేమతో దీనిని కనుగొనెనని సింగరును మెచ్చుకొన్నారనుట నిజమే. ఆ దొరకు ఏకపత్నీవ్రతము లేదనియు, పలువురు స్త్రీలయందు ఇరువదినలుగురు సంతానమనియు నాకు తెలియును గాని, బాబాయి కన్నులలో తళుక్కుమన్న తడి చూచి ఊరకుంటిని. మా చెల్లెలు గూటిలోని మూటవైపు చూచుచుండెను.

మూడవనాటి ఉదయమున ఆయన గునపముతో వచ్చినారు.

"రాత్రంతా ఆలోచించానమ్మాయ్. పైకి లేపడం కాదు, కిందకి దింపాలి. నేతవాళ్ల గుంటమగ్గం చూశావా? నేలమీద హాయిగా కూర్చుంటారు, కాళ్లు గుంటలో ఉంటాయి. అరుగు మధ్యలో ఒక గుంట తవ్వి మిషను దాంట్లో దింపేద్దాం."

"అరుగు తవ్వుతావా బాబాయ్!"

"ఎందుకు తవ్వకూడదు? మన స్వామివారు పాదాలెక్కడ పెట్టుకున్నారు?"

ఇక్కడ పాఠకులకు కొంచెము స్థలపురాణము చెప్పవలెను. మా కొండమీద స్వయంవ్యక్తమైన మూర్తి పైసగము మాత్రమే దర్శనమిచ్చును. తక్కిన భాగము భూమిలో నున్నదనియు, పాదములు పాతాళమున బలిచక్రవర్తి పూజలందుకొనుచున్నవనియు ప్రతీతి. పాదపూజకు కొరత రాకుండ రామానుజాచార్యులవారు వెనుకవైపున నిలువెత్తు మూర్తిని ప్రతిష్ఠింపజేసిరందురు. అందువలననే ఒకే విమానము కింద ఇరువురు ధ్రువమూర్తులు, ఏటేట రెండు కల్యాణోత్సవములు, వైశాఖమున ఒకటి, ఆశ్వయుజమున ఒకటి. ఇంతటి మహిమగల ఐతిహ్యమును బాబాయి కాళ్లు చాపుకొను సౌకర్యమునకు నిదర్శనముగా వాడుకొని, "యుగాలు గడిచాయి, ఆయనకెప్పుడైనా నడుం నొప్పి వచ్చిందన్నారా?" అని గునపమెత్తినారు. నాస్తికులు చేయని సాహసము.

అంతలో మా అమ్మ లోపలినుండి వచ్చినది. "ముందా గునపం నా నెత్తిన వెయ్యండి మరిదిగారూ. తరవాత మా మావగారి అరుగు తవ్వుదురుగాని." బాబాయి గునపము దించినారు. ఆయన శాస్త్రమునందు వదినగారి ఎత్తునకు సూత్రము లేదు.

ఆ రాత్రి ఊరు సద్దుమణిగిన పిదప మా చెల్లెలు, నేను కలిసి ఇటుకలను తీసివేసితిమి. వంటింటి ఎత్తుపీట తెచ్చి, ఖాళీ బియ్యపుగోనెను నాలుగు మడతలు వేసి దానిమీద పరచి, పైన అమ్మ పాతచీర చుట్టితిమి. అది రెండంగుళములు ఉండునో, రెండున్నర ఉండునో ఎవ్వరమును కొలువలేదు. చెల్లెలు కూర్చున్నది, భుజములు దిగినవి, మోచేయి తనంతట తాను బల్ల అంచునకు వచ్చి ఆగినది, పాదములు, కుడిది ఇంచుక ముందుకు, ఎడమది ఇంచుక వెనుకకు, పెడలును వెదకుకొన్నవి. వాలు మాట యేమనగా, మిషనును గోడవారకు జరిపి, వీధివైపు కాలికింద ఒకే ఒక శుభలేఖ దూర్చుటతో తీరినది. తెల్లవారుజాము వరకు టకటక వినబడుచునే యుండెను. మరునాటి రాత్రికి పండ్రెండు జాకెట్లకు హుక్కులు కూడ పడినవి.

బాబాయి వచ్చినారు. మిషనును చుట్టి చూచినారు. వంగి కాళ్లను చూచినారు. గోనెను వ్రేలితో నొక్కి చూచినారు. సంచినుండి రసమట్టము తీసి బల్లపై నుంచగా బుడగ సరిగా నడుమ నిలిచినది. మేము ఊపిరి బిగబట్టితిమి.

"చూశావా అమ్మాయ్," అన్నారాయన, తలపంకించుచు, "ఇటుకలు తీసెయ్యమని మొదట్నించీ మొత్తుకుంటున్నాను."

ఆ నాలుగు ఇటుకలును నేడు మా పెరటిలో నీళ్లపొయ్యి కింద ఉన్నవి. వాని ఎత్తు చాలలేదని నిన్ననే వచ్చి చెప్పి వెళ్లినారు.