శివారుకు చేరిన ఏకైక పథకం

కృష్ణా డెల్టాలో శివారు ఆయకట్టు దాకా నూటికి నూరుపాళ్లు చేరిన పథకం ఒక్కటే. దాని పేరు గుర్రపుడెక్క. నారుమడికి నీళ్లందలేదని బందరు శివారు రైతు, కోడూరు రైతు, నాగాయలంక రైతు ఏటా గోల పెడతారు గానీ, గుర్రపుడెక్క అందలేదని ఒక్కడూ అర్జీ పెట్టిన పాపాన పోలేదు. నీళ్లకు వంతులున్నాయి, దీనికి లేవు. ఊదారంగు పూలు సింగారించుకుని నీళ్లకంటే ముందొచ్చి తూము దగ్గర కూర్చుంటుంది.

దీని పుట్టిల్లు అమెజాన్. బెంగాల్‌లో చెరువులూ కాలువలూ కప్పేస్తుంటే 1936లో దీనికోసమే ఒక చట్టం చేశారు. మొక్కకు చదువు రాదు కనుక చట్టం సంగతి దానికి తెలియలేదు. అదను కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. విత్తనం బురదలో ఇరవై ఏళ్లయినా పడుకుని లేస్తుంది. ఒకే కాలువ గట్టున అన్నేళ్లు బదిలీ లేకుండా ఉద్యోగం చేసిన ఇంజనీరును చూపించండి, సన్మానం చేద్దాం.

ఇక మన యుద్ధతంత్రం వినండి. ఎండాకాలం కాలువ కట్టేస్తారు. అడుగు కనిపిస్తుంది, వేళ్లతో సహా లాగి ఎండబెట్టొచ్చు. అది మరీ సులువు కనుక ఆ పని చేయం. అంచనాలు, అనుమతులు, టెండర్లు అన్నీ ముగిసేసరికి జూన్ వస్తుంది, పైనుంచి నీళ్లూ వస్తాయి. అప్పుడు దిగుతుంది పొక్లెయిన్. తీసిన తుక్కు గట్టుమీదే పోస్తారు. మొదటి వానకే అది మళ్లీ కాలువలోకి జారుతుంది. మొక్క ఒకటే, తీత రెండుసార్లు. మందు కొట్టడం ఇంకా నాజూకైన పద్ధతి. పైన ఆకు మాడి ఫొటోకు ముచ్చటగా ఉంటుంది. కిందకు దిగిన కుళ్లు మాత్రం నీళ్లలోనే ఉంటుంది. ఆ నీళ్లే తరకటూరు చెరువుకెక్కి బందరు కుళాయిల్లో దిగుతాయి. ఫొటో తీసినవారు ఏ నీళ్లు తాగుతారో అడక్కండి.

ఒక సెక్షన్లో పేరుకున్నదాన్ని లాకులెత్తి కిందికి వదిలితే అక్కడికి ఆ సెక్షన్ శుభ్రం. కిందివాళ్లు ఇంకా కిందికి తోస్తారు. రైవస్ కాలువ, పుల్లేరు, చంద్రయ్య డ్రెయిన్, లజ్జబండ, రత్నకోడు: పేర్లు వేరైనా పని ఒకటే, తొయ్యడం. అందరికంటే దిగువనున్న శివారు అందరి శుభ్రతనూ భరిస్తుంది. వానాకాలం మురుగు దిగక చేలు మునిగితే అది ప్రకృతి వైపరీత్యం ఖాతా. చివరికి ఉప్పునీళ్లు తగిలాకే గుర్రపుడెక్క చస్తుంది. డెల్టాలో దాన్ని ఓడించింది సముద్రం ఒక్కటే. దానికి టెండరు లేదు.

విరుగుడు లేదా అంటే, ఉంది. దీన్ని మాత్రమే తినే ముక్కుపురుగుల్ని 1980ల్లోనే దేశానికి తెప్పించి బెంగళూరులో వదిలి చూశారు. చాలాచోట్ల పనిచేశాయి కూడా. నిదానంగా, ఏళ్ల తరబడి, జీతం లేకుండా తింటాయి. అదే వాటి లోపం. పురుగుకు బిల్లు పెట్టడం రాదు, బిల్లు లేని పనికి మన ఫైల్లో కాలమ్ లేదు.

పోనీ, పరాయి జీవిని కనిపెట్టి ఉండటం మనకు చేతకాదా? భేషుగ్గా చేతనవును. వెనామీ రొయ్య పసిఫిక్ ఒడ్డుది. 2009లో దానికి అనుమతిచ్చినప్పుడు ఎంత జాగ్రత్తో! తల్లి రొయ్య విమానం దిగగానే చెన్నైలో క్వారంటైన్, వ్యాధి పరీక్షలు, ఆ తర్వాతే హ్యాచరీ. దానివెనక డాలరు ఉంది మరి. డాలరు తేని పరదేశికి మాత్రం గేటు బార్లా తెరిచే ఉంటుంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ని 2000లోనే నిషేధించారు. కైకలూరు, గుడివాడ వైపు చెరువుల్లో కోడి వ్యర్థాలు మేసి బలిసి పట్టుబడిందన్న వార్తలకు మాత్రం నిషేధం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నందివాడ చెరువులు ఏకమైనప్పుడు ఏ చేప ఎటు ఈదిందో రాసుకున్న రిజిస్టరు ఉంటే చూపించమనండి. అక్వేరియం అద్దం నాకడానికి కొని, బలిశాక కాలువలో విసిరేసిన దెయ్యం చేప ఇప్పుడు కృష్ణలో వలలు చింపుతోంది. దాన్ని విసిరింది ఏ శాఖా కాదు, మనమే. సర్కారు తుమ్మ కథ మాత్రం అచ్చంగా దొరతనానిది: 1877లో కడప జిల్లా కమలాపురంలో కోరి నాటిన ముళ్లు ఇప్పుడు దివిసీమ కరకట్టల మీద కాపురముంటున్నాయి.

2024 డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి, దండలు పడ్డాయి. రైతులారా, ఇప్పుడు మీ ఊరి సంఘం అధ్యక్షుణ్ణి పట్టుకోండి. గుర్రపుడెక్క తీసే పని నీళ్లొదిలే ముందే, ఎగువ నుంచి దిగువకు వరసగా జరగాలని అడగండి. తీసిన తుక్కు గట్టు దాటి పోవాలనండి. కొలతలు తీసిన రోజున సగం బిల్లే ఇవ్వమనండి. మిగతా సగం మూడు నెలలాగి, అదే కాలువను మళ్లీ చూసి, నీళ్లు కనిపిస్తేనే ఇవ్వమనండి.