నాలుగు సిలిండర్ల నా బతుకు

నేను టాటా 407ని. ఈ మోడల్ మొదట రోడ్డెక్కింది 1986లో. నేను ఆ తర్వాత చాన్నాళ్లకు వచ్చాను. గోదావరి పుష్కరాలు 2003వీ చూశాను, 2015వీ చూశాను. కడియపులంక నర్సరీల మొక్కలు, రావులపాలెం అరటిగెలలు మోయడం నా పని. నా ఈడు బళ్లు చాలావరకు తుక్కుకి పోయాయి. నేనింకా పదహారో నంబరు హైవే మీద విజయవాడ వెళ్లొస్తున్నానంటే ఆ పుణ్యం మా డ్రైవరు కుడికాలిది.

మొక్కల లోడు ఎత్తుగా ఉంటుంది, గాలి బలంగా తగులుతుంది. అరవై మీద వెళ్లే బండి ఎనభై అందుకుంటే, గాలిని తోసుకుపోవడానికే రెండింతలకు పైగా బలం కావాలి. టర్బో లేని పాత డీజిల్ ఇంజన్ని, అంత బలం ఎక్కడ తేను? పిస్టన్లు కాగిపోతాయి, హెడ్ గాస్కెట్‌కి ముప్పు. అందుకే ఆయన అరవై దాటనివ్వడు.

"బాబాయ్, అందరూ దాటేసి పోతన్నారు," అంటాడు క్లీనరు కుర్రాడు.

"పోనీరా. మనం తణుకులో టీ తాగుదాం, దీనికీ కాస్త ఊపిరాడుద్ది."

ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు టాప్ గేరులో మూలిగించడు, ముందే ఒక గేరు దించుతాడు. ఆగాక కూడా తాళం వెంటనే తిప్పడు. కాసేపు ఐడిల్‌లో ఉంచి నీళ్లు తిరగనిస్తాడు.

నీళ్ల సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఓ మెకానిక్కు, వేడెక్కుతోందని థెర్మోస్టాట్ పీకి అవతల పారేశాడు. అప్పట్నుంచి తెల్లవారుజామున ఎంత దూరం పోయినా ఒళ్లు కాగేది కాదు. సరిగా మండని డీజిల్ ఆయిల్లోకి దిగేది. అసలు జబ్బు రేడియేటరులో ఉంది. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల సున్నం లోపల గట్టిగా పేరుకుపోయింది. మా డ్రైవరు రేడియేటరు విప్పించి రాడ్డింగ్ చేయించాడు, కొత్త థెర్మోస్టాట్ వేయించాడు. ఇప్పుడు కూలెంటు, డిస్టిల్డ్ వాటరు తప్ప ఇంకేదీ పోయనివ్వడు. మా ప్రాంతంలో పాత ఇంజన్లను చంపేది దూరం కాదు, ఈ బోరు నీళ్లే అని నా గట్టి నమ్మకం.

దాళ్వా కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఎండబోస్తారు. ఆ పొట్టు, దుమ్ము ఎయిర్ ఫిల్టరుకి పట్టేస్తాయి. ఆ నెలల్లో వారం వారం విప్పి చూస్తాడు. రోజూ పొద్దున్నే డిప్‌స్టిక్ తీసి, ఆయిల్ బొట్టు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాస్తాడు. గరుకు తగిలినా, డీజిల్ వాసన కొట్టినా ఆ రోజు లోడు ఎక్కదు. డీజిల్ ఫిల్టరు అడుగు స్క్రూ వదులు చేసి, దిగిన నీరు వదిలేస్తాడు. వానాకాలం అది మరీ ముఖ్యం.

నా వయసు బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ఈమధ్య ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ ఎక్కువైంది. ఇంజెక్టర్లు రాజమండ్రిలో పంపు షాపుకి ఇవ్వాలని ఓనరుగారితో అన్నాడు. అరటి లోడ్లు ఊపందుకోకముందే తీసుకెళ్తే బాగుణ్ణు.