మై మీ తాంగ్

థాయ్ భాషలో నేను మొదట నేర్చుకున్న మాట "మై మీ తాంగ్". డబ్బుల్లేవని అర్థం. "మై" అంటే లేదు, "మీ" అంటే ఉంది, "తాంగ్" అంటే డబ్బు. వీళ్లు చేతులు జోడించి చెప్పే నమస్కారం కూడా ఆ తర్వాతే నేర్చుకున్నాను. 32 ఏళ్లు ఆడిట్ శాఖలో పంచాయతీల ఓచర్లు తిరగేసినవాణ్ణి. కొత్త ఊళ్లో అడుగు పెట్టేముందు జేబుకి గుండీ పెట్టుకోవాలని నాకొకరు చెప్పాలా?

మా ఆవిడ పోయాక అబ్బాయి నన్ను బ్యాంకాక్ తీసుకొచ్చాడు. 23వ అంతస్తులో ఫ్లాటు. వాడూ కోడలూ పొద్దున వెళ్తే రాత్రికి వచ్చేవాళ్లు. లిఫ్టులో కిందికి దిగడం, గేటు దగ్గర కాసేపు నిలబడటం, మళ్లీ లిఫ్టెక్కడం, ఇదీ నా దినచర్య. తెనాలిలో అరుగు మీద కూర్చుని దారినపోయేవాళ్లందర్నీ పలకరించిన ప్రాణం, ఎన్నాళ్లుంటుంది అలా?

వాళ్లింట్లో పనిచేసే ఆవిడది ఈశాన్. దేశానికి ఈశాన్యపు మూల, పేరు కూడా మన ఈశాన్యమే. ఆవిడ తమ్ముడు తైవాన్‌లో ఫ్యాక్టరీ పనికి పోయి, అక్కడినుంచి పంపిన డబ్బుతో ఊళ్లో ఇల్లు కట్టాడు. ఉండేవాళ్లు లేక తాళం పడి ఉంది. నెలకి 3,000 బాత్ అద్దె అంటే సరేనన్నాను. రిటైరైన పరాయి దేశంవాడు ఇక్కడ ఏడాదికేడాది ఉండాలంటే 50 ఏళ్లు నిండాలి, ఇక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్ చూపించాలి. మన లెక్కలో ఇరవై లక్షల పైమాట. పొలం అమ్మిన డబ్బు తెచ్చి వేశాను. ఆపైన 90 రోజులకోసారి ఫలానా చోట ఉన్నానని ఇమిగ్రేషన్ వాళ్లకి తెలియజేయాలి. ఏటేటా బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పెన్షనరుకి అదొక లెక్కా!

ఆ ఇల్లున్న జిల్లా పేరు రోయిఎట్. అంటే నూటొకటి. మనకి నూటపదహార్లు శుభమైతే వీళ్లు జిల్లాకే 101 అని పేరు పెట్టుకున్నారు. ఊరేమో తుంగ్ కులా రోంగ్ హాయ్ అనే మైదానంలో ఉంది. కులా వర్తకులు ఏడ్చిన మైదానం అని దానర్థం. ఎంత దూరమైనా మూటలు మోసుకుని నడిచే మొండి మనుషులట. నీడా నీళ్లూ లేని ఈ నేల దాటలేక కూలబడి ఏడ్చారట. ఇప్పుడు ఆ నేలలోనే దేశదేశాలకి వెళ్లే మల్లెవాసన బియ్యం పండుతోంది. బయటివాణ్ణి ఏడిపించే గుణం మాత్రం నేలకి పోలేదని, మొదటి నెల ఖర్చులు రాసుకున్నప్పుడు నాకు అనిపించింది.

ఊళ్లో నన్ను "లుంగ్ ఖ్యాక్" అనేవాళ్లు. లుంగ్ అంటే పెదనాన్న వరస. ఖ్యాక్ అంటే అతిథి. తెల్లవాళ్లని ఫరాంగ్ అంటారు, ఆ మాటకే జామకాయ అనే అర్థం కూడా ఉంది. మనవాళ్లని, అరబ్బుల్ని, మలై ముస్లింల్ని ఖ్యాక్ అంటారు. తెల్లవాడు జామకాయా, నేను అతిథినీ. ఊరు ఊరంతా అతిథీ అతిథీ అని పిలుస్తుంటే ఛాతీ ఉబ్బదా మరి? పక్కింటి పదకొండేళ్ల పిల్ల "తా ఖ్యాక్" అనేది. తల్లివైపు తాతని ఇక్కడ "తా" అంటారు. మన తాతలో సగం. ఎదురుపడ్డవాళ్లు మొదట అడిగేది "అన్నం తిన్నావా" అనే. పొలాలూ, గేదెలూ, ఈ పలకరింపూ చూస్తే దుగ్గిరాల పొలిమేరల్లో ఉన్నట్టే ఉండేది.

చిక్కంతా కవర్లతో వచ్చింది. ఈశాన్‌లో పన్నెండు నెలలకి పన్నెండు పండగలు. ఒక్కోదాన్నీ "బున్" అంటారు, మన పుణ్యమే పాళీ మీదుగా వచ్చి అలా అయింది. అవి కాక పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, కుర్రాళ్లు కొన్నాళ్లకి సన్యాసం పుచ్చుకునే వేడుకలు, చావులు. ప్రతిదానికీ తెల్లటి పల్చటి కవరొకటి గేటు ఊచల్లో గుచ్చి పోయేవాళ్లు. మీద బాల్‌పెన్నుతో నా పేరు. అందులో డబ్బు పెట్టి తిరిగి ఇవ్వాలి. పందిట్లో బల్ల వేసుకుని ఇద్దరు ఆడవాళ్లు కూర్చుంటారు. ఒకామె కత్తెరతో కవరు అంచు కత్తిరించి నోటు బయటికి తీస్తుంది, రెండో ఆమె రూళ్ల పుస్తకంలో పేరూ అంకే రాస్తుంది. అచ్చం మన చదివింపులే. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే ఆ పుస్తకం తీసి, అంతకి అంత తిరిగి పెడతారు. కానీ నా ఇంట్లో ఇంకేం శుభకార్యముంది? నా పద్దులో ఎప్పటికీ రాని బాకీ అది. ఆడిటరు ఒప్పుకుంటాడా?

అందుకని ఏ కవరు వచ్చినా ఒకటే రేటు పెట్టుకున్నాను. 20 బాత్, పచ్చ నోటు. ఇక్కడ అంతకంటే చిన్న నోటు లేదు. గుడి కవర్లలో అది చెల్లుతుంది గానీ పెళ్లికీ చావుకీ వంద, ఎర్ర నోటు, పెట్టాలని నాకు తెలియకపోలేదు. కత్తెర పట్టుకున్నామె నా కవరు కోసి, లోపల ఇంకేమన్నా ఉందేమోనని రెండు వేళ్లతో తెరిచి చూసేది. నేను నిశ్చింతగా "మై మీ తాంగ్" అని నవ్వేవాణ్ణి. ఆమె కూడా నవ్వేది.

సంతలోనూ అంతే. తెల్లవారుజామున టార్పాలిన్ కింద ఒక ముసలామె కూరలు పెట్టుకునేది. చిన్న గుండ్రటి వంకాయలు, గుమ్మడి తీగ చివుళ్లు, ఇక్కడివాళ్లు పులుసుల్లో వేసే సోయికూర. కట్ట 10 బాత్. నేను ఏడు అనేవాణ్ణి. ఆమె తల అడ్డంగా ఊపితే జేబు గుడ్డ బయటికి లాగి చూపించి "మై మీ తాంగ్" అనేవాణ్ణి. చివరికి ఐదుకి ఇచ్చి, పైన నాలుగు మిరపకాయలు కొసరు వేసేది. ఆ రాత్రి తెనాలిలో మా బావమరిదికి ఫోన్ చేసి ఎంత మిగిల్చానో చెప్పేదాకా నాకు నిద్ర పట్టేది కాదు.

అదే ముసలామె ఒకనాడు, తన ఇంటి ముందు తాటాకు విసనకర్ర ఊపుకుంటూ, కొడుకు డబ్బు పంపుతాడా అని అడిగింది. ఆ ఊళ్లో సగం ఇళ్లలో ముసలివాళ్లూ మనవలూ తప్ప ఎవరూ ఉండరు. మధ్యవాళ్లంతా బ్యాంకాక్‌లో పని చేసి నెలనెలా డబ్బు పంపుతుంటారు. నేను వాడి దగ్గర చెయ్యి చాపే రకమా? పౌరుషంగా "పంపడు" అన్నాను. మరి నీ దేశం పోయి చూసి రావెందుకు అంది. తెనాలి ఇంటి మీద మా తమ్ముడితో నడుస్తున్న దావా సంగతి, గోడ వాటా సంగతి, నాకొచ్చిన పాతిక థాయ్ మాటల్లో ఎలా చెప్పను? అలవాటైన మాటే నోటికొచ్చింది.

"మై మీ తాంగ్."

ఆమె ఈసారి నవ్వలేదు. విసనకర్ర ఆగిపోయింది. నాలుక చప్పరించి, లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారంనుంచి కవర్లు ఆగిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. వీధిలో పెళ్లి, నా గేటులో కవరు లేదు. నాలుగిళ్ల అవతల చావు, అప్పుడూ లేదు. పచ్చ నోటు పనిచేసిందన్నమాట. అంతేనా, కవర్లు వేలాడిన చోట ప్లాస్టిక్ సంచులు వేలాడటం మొదలైంది. ఓ పొద్దున బొప్పాయి, ఇంకో పొద్దున అరటి అత్తం, ఒక్కోరోజు ఆవిరి పట్టిన సంచిలో వేడివేడి జిగురన్నం. సైకిలు పంక్చరు వేసినవాడు డబ్బు పుచ్చుకోలేదు. మంగలి నా చేతిలో నోటు మడిచి నా జేబులోనే పెట్టాడు. పొద్దున్నే ఆరింటికి ఊరి మధ్య స్తంభానికున్న మైకు మోగేది. ఫూ యై బాన్, అంటే మన సర్పంచిలాంటి ఆవిడ, ఊరి కబుర్లు చదివేది. అందులో రోజూ "లుంగ్ ఖ్యాక్, లుంగ్ ఖ్యాక్" అని నా పేరు. మిగతాదంతా ఈశాన్ యాస, నాకు ముక్క అర్థమయ్యేది కాదు. అర్థం కావాలా ఏమిటి? ఊరి మైకులో మన పేరు రోజూ ఎందుకు వస్తుంది!

"బావా," అన్నాను మా బావమరిదితో, "మన ఊళ్లో ముప్ఫై రెండేళ్లు అధికారం వెలగబెట్టినా మైకులో మన పేరు ఒక్కనాడు వినిపించిందిటయ్యా?"

"ఏం చేశారు బావగారూ వాళ్లకి?"

"ఏమీ చెయ్యలేదయ్యా. అదే గొప్ప."

మార్చిలో బున్ ఫావెత్ వచ్చింది. ఉన్నదంతా దానమిచ్చేసిన వెస్సంతర రాజు కథని రోజంతా గుడిలో చదువుతారు. మా పల్నాటి గోలి శిల్పాల్లో ఉన్నదీ ఈ కథే, ఇప్పుడా పలకలు చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. తెల్ల ఏనుగునిచ్చాడు, రథమిచ్చాడు, చివరికి కన్నపిల్లల్ని ఒక ముసలి బ్రాహ్మణుడికి దానం చేశాడు. ఆ బ్రాహ్మణుడు ఆ తర్వాత తిని తిని పొట్ట పగిలి చచ్చాడు. ఆ పండగనాడు రోయిఎట్‌లో ఎక్కడ చూసినా ఖావ్ పున్ ఉచితం. బియ్యప్పిండి సేమ్యా మీద చేపల పులుసు పోసి, ఎవరొచ్చినా పెడతారు. నేను నాలుగు పందిళ్లలో తిన్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున్నే పొడుగు డప్పుల చప్పుడు నా ఇంటివైపే వచ్చింది. తలుపు తీసేసరికి గేటు ముందు ఊరు ఉంది. ముందు సర్పంచి. వెనక ఇద్దరు కుర్రాళ్లు మోస్తున్న డబ్బు చెట్టు. అరటిబోదెకి వెదురు పుల్లలు గుచ్చి, పుల్ల పుల్లకీ నోటు తగిలించి గుడికి ఊరేగింపుగా తీసుకెళ్తారు చూడండి, అది. గళ్ల గళ్ల ఫాఖావ్‌మా తెచ్చి నా నడుముకి కట్టారు. పెద్దమనిషి వస్తే అలా కడతారని నాకు తెలుసు, మన శాలువా లాంటిది. చాప మీద కూర్చోబెట్టి ఒక్కొక్కరే వచ్చి నా మణికట్టుకి తెల్ల దారాలు కట్టారు. సన్మానాల్లో పట్టు శాలువాలు నేను చాలామంది మెడల్లో చూశాను. నా మెడ దాకా ఒక్కటీ రాలేదు. కళ్లు చెమర్చాయి. మోచేతి దాకా దారాలతో లేచి నిలబడి, వచ్చిన పాతిక మాటలూ వాడేసి ఉపన్యాసం ఇచ్చాను. ఆఖర్న చేతులు జోడించి ముమ్మారు "ఖోప్ ఖున్" అన్నాను.

చెట్టుకి అట్ట ముక్క ఒకటి వేలాడుతోంది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. పక్కింటి పిల్లని పిలిచి, నా గురించి ఏం రాశారో చదవమన్నాను. బడి ఇంగ్లీషూ థాయ్ కలిపి మాట్లాడుతుంది అది.

"తా ఖ్యాక్ విమానం టికెట్టు," అని చదివింది.

"ఎక్కడికి?"

"మీ ఇంటికి. ఇండియాకి. పోవడానికే. రావడానికి సరిపోలేదు."

నాకు తల తిరిగింది. మరి ఈ దారాలేమిటన్నాను. దూరం పోయేవాళ్లకి కడతారు, ఆత్మ దారి తప్పకుండా, అంది. నీకు ముందే తెలుసా అన్నాను. అది నన్ను వింతగా చూసింది.

"రోజూ మైకులో చెప్తున్నారు కదా! తా ఖ్యాక్‌ని కొడుకు వదిలేశాడు, పాపం డబ్బుల్లేవు, ఎవరూ కవర్లు పంపొద్దు, ఇంట్లో కూర మిగిలితే గేటుకి తగిలించండి అని."

అట్ట వెనక పేర్లున్నాయి, అంకెలున్నాయి. రూళ్ల పుస్తకంలో రాసినట్టే. మొదటి పేరు కూరల ముసలామెది, వంద. తక్కినవాళ్లంతా ఇరవై ఇరవై. గాలికి చెట్టు నిండా పచ్చ నోట్లు రెపరెపలాడుతున్నాయి.

చెప్పేయాలి. బ్యాంకులో 8 లక్షలున్నాయనీ, నెలనెలా పెన్షన్ వస్తుందనీ, ఇదంతా తీసుకుపొమ్మనీ. థాయ్‌లో మాట కోసం తడుముకోనక్కర్లేదు. నాకొచ్చినదాంట్లో మొదటి ముక్క తీసేస్తే చాలు. గుండె మీద చెయ్యి వేసుకుని, అందరికీ వినబడేలా అరిచాను.

"మీ తాంగ్! మీ తాంగ్!"

క్షణం సేపు ఎవరూ కదల్లేదు. తర్వాత ముసలామె కొంగులాంటి గుడ్డతో కళ్లు తుడుచుకుంది. సర్పంచి మైకు తీసుకుని నా మాట ఊరందరికీ వినిపించింది. డప్పులు మళ్లీ అందుకున్నాయి.

"అవును తా," అంది పక్కింటి పిల్ల చప్పట్లు కొడుతూ, "ఇప్పుడు నీకు డబ్బుంది!"