నాట్ ఓకే 37 (టీకా తాత్పర్య సహితము)

మూలము:
నాట్ ఓకే 37 + గ్రామాలు 214 ఎంఎస్

అవతారిక: గంపలగూడెంలో ఇంటినుండియే టెస్టింగు కొలువు చేసికొను చిరంజీవి యొకడు, పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు తన ఆఫీసువారు చేర్చిన పరీక్షలతో సహా ‘మేక్ చెక్’ నడుపగా, కరెంటు పోవుటకు రెండు నిమిషముల ముందు తెరమీద ఈ సూత్రము ప్రత్యక్షమయ్యెను. పోస్ట్‌గ్రెస్ 16 (2023) మొదలుకొని ఫలితములు ఈ ఛందస్సుననే వెలువడుచున్నవి. అంతకు పూర్వము ‘ఫెయిల్డ్’ అని మొగము మీదనే అనెడిది. ఇప్పుడు మర్యాద నేర్చినది.

ప్రతిపదార్థము: నాట్ ఓకే = అనుకున్నట్టు రాలేదు (చెడిపోయినదని కాదు); 37 = ముప్పదియేడవదియైన; + = తోటి పరీక్షలతో గూడి ఒక్కమారే పరుగెత్తినట్టి; గ్రామాలు = ఆ పేరుగల పరీక్ష; 214 ఎంఎస్ = సెకనులో అయిదవ వంతుకు కాస్త పైన (పాదపూరణము).

విశేషము: ప్రాణమంతయు ‘+’లో నున్నది. ఒంటరిగా నడచిన పరీక్షకు ‘-’, గుంపుతో నడచినదానికి ‘+’ గుర్తు. ఒక గుంపులో ఇరువదికి మించి ఉంచకుండుట ఆనవాయితీ. కావున ‘గ్రామాలు’ తప్పినచో దానినొక్కదానినే నిలదీయరాదు, ఇరుగుపొరుగును కూడ విచారింపవలెను. ఇక ‘రిగ్రెషన్ డిఫ్స్’ అను ఫైలు తెరువగా:

ఊటుకూరు
గోసవీడు
-నెమలి
పెనుగొలను
+నెమలి

ఇందు ‘-’ అనగా రావలసినది, ‘+’ అనగా వచ్చినది. పై సూత్రములో ‘+’ వేరు, ఇచ్చటి ‘+’ వేరు. దీనిని శ్లేష యనుకొని మురియువారు పండితులు. తికమకపడువారు కొత్తగా చేరినవారు.

వేణుగోపాలస్వామి వెలసిన నెమలి గ్రామము ఎక్కడికిని పోలేదు, వరుస మాత్రము మారినది. ఎట్లనగా: పరీక్షలో ముందు నెమలిని డిలీట్ చేసి, వాక్యూమ్ నడిపి, మరల ఇన్సర్ట్ చేయుదురు. వాక్యూమ్ పాత చోటు ఖాళీ చేసినచో కొత్త నెమలి ఆ మూడవ చోటనే కూర్చుండును. కాని అదే డేటాబేసులో పొరుగు పరీక్ష ఏదైన ట్రాన్సాక్షన్ తెరచి ముగింపకున్నచో, దానికి పాత నెమలి ఇంకను కనబడవలసియుండునేమో యని వాక్యూమ్ చేయి వేయదు. పాతది అట్లే పడియుండును, కొత్తది వెనుక చేరును. ఆర్డర్ బై లేని సెలెక్టుకు ఏ వరుస వచ్చినను న్యాయమే. కావున డేటాబేసు నిర్దోషి, పరీక్ష వ్రాసినవాడే దోషి.

పూర్వపక్షములు: “మళ్ళీ రన్ చేశానన్నా, పాసైంది, వదిలేద్దామా?” అని చిరంజీవి. రెండవమారు పాసగుట రోగము కుదురుటకు గుర్తు కాదు, పొరుగువాడు ఆ క్షణమున నోరు మూసికొన్నాడనుటకు గుర్తు. “నా సిస్టమ్‌లో బానే ఉంది” అని డెవలపరు. ఈ మహావాక్యమునకు వ్యాఖ్య అనవసరము. “డేటా కరప్ట్ అయింది, అర్జంట్” అని చిరంజీవి మేనేజరుకు పంపిన మొదటి మెసేజి. ఇది అతిశయోక్త్యలంకారము. దీని ఫలము రాత్రి పదకొండింటి మీటింగు.

సిద్ధాంతము: బగ్ రిపోర్టు వ్రాయువాడు కోలాచల మల్లినాథసూరిని గురువుగా తలపవలెను. మూలమును దాటిపోనని, అక్కరలేని మాట ఎత్తనని వ్యాఖ్య మొదటనే పూనిక పట్టిన తెలుగువాడాయన. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషను చెప్పునదియు ఇంచుమించు ఇదియే: జరిగినది చెప్పుము, ఊహలు వడ్డింపకుము. వెర్షను, ఆపరేటింగ్ సిస్టము, మొదటినుండి కొట్టిన కమాండ్లు, వచ్చినది వచ్చినట్లు అవుట్‌పుట్, రావలసినది ఏదో ఆ ముక్క. దీనికి ‘గుంపుతో నడిపినప్పుడే అప్పుడప్పుడు తప్పుచున్నది, ఒంటరిగా తప్పుట చూడలేదు’ అను వాక్యము చేర్చినచో డెవలపరుకు సగము దారి కలిసివచ్చును. ‘నాకు అనిపిస్తోంది’ అను మాట చేరెనా, అతడు దానినే పట్టుకొని మిగిలినది చదువడు. ఇది నా అనుభవసారము.

ఉత్తరకథ: డెవలపరు ఒక్క పంక్తి దిద్దెను: ‘ఆర్డర్ బై పేరు’. దాని వెంట ‘కొలేట్ సి’ అని చిరంజీవి అడిగి మరీ చేర్పించెను. ఏలయనగా అక్షరక్రమము యంత్రయంత్రమునకు మారును. 2018లో లినక్సు వాడు సి లైబ్రరీ గ్లిబ్‌సి 2.28 వచ్చి ఆ క్రమమునే మార్చగా, వరుస తప్పిన ఇండెక్సులను తిరిగి కట్టుకొనవలసినవారు లోకమున అనేకులు. ‘సి’ క్రమమున యూనికోడ్ సంఖ్యయే ప్రమాణము. బడిలో ‘హ’ తరువాత చెప్పించు ‘ళ’ అందు ‘వ’కు ముందే వచ్చును. తెలుగు మాస్టారు ఒప్పుకొనరు. పరీక్ష ఒప్పుకొన్నది:

ఓకే 37 + గ్రామాలు 209 ఎంఎస్