పంచువాడు పోయిన పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. పంచువాడు పోయె, పళ్ళచక్రము చెప్ప
పెట్టె వినును; జంట పిడుగు లడరు;
ఒకటి పనికి వచ్చు, నొకటి వృథా పోవు;
వృథయె లేక పనియు వెలుగ దనఘ!

టీక: పంచువాడు = డిస్ట్రిబ్యూటరు; పోయె = బానెట్టు కింది కాపురం శాశ్వతంగా ఎత్తేశాడు; పళ్ళచక్రము = క్రాంక్‌షాఫ్టుతో తిరిగే చక్రం; చెప్పన్ = సెన్సారు ద్వారా తన జాడ విన్నవించగా; పెట్టె = ఈసీయూ, అంటే ఇంజనును అదుపు చేసే కంప్యూటరు; జంట పిడుగులు = ఒకే కాయిల్ రెండు కొసల నుంచి రెండు ప్లగ్గుల్లో ఒకేసారి పుట్టే నిప్పురవ్వలు; అడరు = చెలరేగును; అనఘ = పాపరహితుడా! మోచేతుల దాకా గ్రీజున్న మెకానిక్కుకు ఈ సంబోధన. గ్రీజు పాపం కాదని కవి హృదయం.

తాత్పర్యం: పాత అంబాసిడరులో ఒకే కాయిల్. అది పుట్టించిన వేల వోల్టులను క్యాపులో తిరిగే రోటరు, బంతిలో వడ్డించేవాడిలా, నాలుగు ప్లగ్గులకూ వరసన అందించేది. పాయింట్లు కాలితే ఎమిరీ కాగితంతో గీకాలి, వానకు క్యాపు చెమ్మగిల్లితే తుడవాలి. పద్యంలో చెప్పిన పద్ధతిలో ఆ బాధ లేదు. నాలుగు సిలిండర్లకు రెండు కాయిళ్ళు: 1, 4లకు ఒకటి, 2, 3లకు మరొకటి. జంట పిస్టన్లు కలిసే పైకొస్తాయి. ఒకటి పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అదుముతుంటే రెండోది కాలిన పొగను గెంటేస్తుంటుంది. పెట్టె పన్నెండు వోల్టుల కరెంటును చటుక్కున ఆపగానే కాయిల్లో వేల వోల్టులు లేచి రెండుచోట్లా నిప్పు పడుతుంది.

విశేషాలు: పళ్ళచక్రం గొప్పతనం పళ్ళలో లేదు, ఊడిన పళ్ళలో ఉంది. చాలా ఇంజన్లలో 60 పళ్ళకు చోటుండి 58 మాత్రమే ఉంటాయి. ఆ బోసి సందు ఎదురైనప్పుడే పెట్టెకు లెక్క కుదురుతుంది.

ఇక పూర్వపక్షం. ‘ఒకటి వృథా’ అని కవే ఒప్పుకొన్నాడు గనుక రెండో రవ్వ పునరుక్తి దోషమని కొందరి ఆక్షేపణ. బానెట్టు ఎత్తి చూడనివారి మాట ఇది. నాలుగు స్ట్రోకులు పూర్తయ్యేసరికి క్రాంక్ రెండు చుట్లు తిరుగుతుంది. కాబట్టి జంట పైకొచ్చిందని చక్రానికి తెలుసుగానీ, అందులో అదిమేది ఎవరో, గెంటేది ఎవరో తెలియదు. తెలియాలంటే క్యామ్‌షాఫ్టును అడగాలి. ఇద్దరికీ నిప్పు పెట్టేస్తే అడిగే పనే లేదు.

అసలు సమాధానం నాలుగో పాదంలో ఉంది. కాయిల్ ఒక కొసన బయల్దేరిన కరెంటు ఒకటో ప్లగ్గు దూకి, ఇంజను దిమ్మలోంచి నడిచి, నాలుగో ప్లగ్గు దూకి, రెండో కొసకు చేరుతుంది. వృథా అన్న రవ్వే దాని తిరుగుదారి. పైగా ఒత్తిడి లేని పొగలో దూకడానికి కొద్ది వోల్టులే చాలు. మిగతాదంతా పని ఉన్నచోటికే. ఆ పాత ప్లగ్గులను విప్పి పక్కపక్కన పెట్టండి: ఒకదానిలో నడిమి మొన అరిగి ఉంటుంది, దాని జంటలో పక్క కొక్కెం అరిగి ఉంటుంది. ఒకటి పోతదారి, ఒకటి వస్తదారి మరి.

ఇదంతా నిన్నమొన్నటి పోకడ అనేవారికి ఒక సంగతి. 1948లో ఫ్రాన్సులో లోకానికి చూపిన సిత్రోయెన్ టూసీవీ కారు తన రెండు సిలిండర్లనూ ఒకే కాయిల్‌తో, డిస్ట్రిబ్యూటరు ఊసే లేకుండా నడిపింది.

పాఠాంతరం: ‘జంట పిడుగు’కు బదులు ‘ఒంటి పిడుగు’ అని అర్వాచీనులు చదువుతున్నారు. ప్లగ్గుకొక కాయిల్ నెత్తిన పెట్టిన కార్ల పాఠమిది. గణాలు చెడవు. చివరి రెండు పాదాలకే పని పోతుంది.