ఎవరా ఒక్కరు?

2011 సెప్టెంబరు 24, శనివారం. మాస్కోలోని లుజ్నికీ క్రీడా ప్రాంగణంలో యునైటెడ్ రష్యా పార్టీ మహాసభ. ఓటు వేయాల్సిన ప్రతినిధులు వందల్లో ఉన్నారు. చప్పట్లు కొట్టాల్సినవాళ్లు వేలల్లో ఉన్నారు.

అప్పటికి మూడేళ్లుగా రష్యాలో ఒకటే చర్చ. ప్రధానిగా ఉన్న వ్లాదిమిర్ పుతిన్ మళ్లీ అధ్యక్షుడవుతాడా? లేక అధ్యక్షుడిగా ఉన్న ద్మిత్రీ మెద్వెదేవ్ రెండోసారి పోటీ చేస్తాడా? పుతిన్ 2000 నుంచి 2008 దాకా రెండు విడతలు ఏలాడు. వరసగా మూడో విడతకి అప్పటి రాజ్యాంగం ఒప్పుకునేది కాదు. మధ్యలో ఒక విడత ఆగితే అభ్యంతరం ఉండేది కాదు. అందుకని మెద్వెదేవ్‌ని అధ్యక్షుణ్ని చేసి, ఆయన కింద తాను ప్రధానిగా చేరాడు. 2008 చివర్లోనే రాజ్యాంగం సవరించారు. ఇకమీదట ఎన్నికయ్యే అధ్యక్షుడికి నాలుగేళ్లు కాదు, ఆరేళ్లు. ఆ ఆరేళ్లు ఎవరికోసమో సవరణలో రాయలేదు.

రాయలేదు కాబట్టే చర్చ జోరుగా సాగింది. మెద్వెదేవ్ అమెరికా వెళ్లి స్టీవ్ జాబ్స్ చేతుల మీదుగా ఐఫోన్ అందుకుంటే, ఈయన ఆధునికుడు, ఈయనే ఉంటాడని కొందరు. పుతిన్ చొక్కా లేకుండా గుర్రం ఎక్కిన ఫొటో చూసి, ఈయన ఎక్కడికీ పోడని ఇంకొందరు. ఇగోర్ యుర్గెన్స్ లాంటి ఉదారవాదులు మెద్వెదేవ్‌కి రెండో విడత కావాలని బాహాటంగానే అడిగారు. 2011 మే నెలలో స్కోల్కోవోలో మెద్వెదేవ్ విలేఖరుల సమావేశం పెడితే వందల మంది వచ్చారు. అందరి నోట్లోనూ అదే ప్రశ్న. ఇలాంటివి ప్రకటించడానికి విలేఖరుల సమావేశం తగిన చోటు కాదన్నాడు మెద్వెదేవ్. తగిన చోటు ఏదో సెప్టెంబరులో తెలిసింది.

మహాసభలో ముందు పుతిన్ మాట్లాడాడు. డిసెంబరులో జరిగే డ్యూమా (పార్లమెంటు దిగువసభ) ఎన్నికలకి పార్టీ జాబితాలో మొదటి పేరు మెద్వెదేవ్‌ది ఉండాలన్నాడు. తర్వాత మెద్వెదేవ్ లేచాడు. వచ్చే మార్చిలో జరిగే అధ్యక్ష ఎన్నికలకి పుతిన్ అభ్యర్థిత్వాన్ని మహాసభ బలపరచడం సబబుగా ఉంటుందన్నాడు. హాలు మొత్తం లేచి నిలబడింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఈ చప్పట్లు విన్నాక పుతిన్ అనుభవం గురించీ, ఆయన పలుకుబడి గురించీ తాను వివరించనక్కర్లేదని మెద్వెదేవ్ అన్నాడు. వివరించలేదు కూడా.

ఇంతకీ ఆ రోజుకి వాళ్లిద్దరిలో ఎవరూ ఆ పార్టీ సభ్యులు కారు. పుతిన్ 2008 నుంచి పార్టీకి అధ్యక్షుడే తప్ప సభ్యుడు కాదు. సభ్యులంతా కింద కూర్చుని ఉన్నారు.

తాము ఏం చేయాలన్నది కొన్నేళ్ల కిందటే ఇద్దరం అనుకున్నామని పుతిన్ వేదిక మీదే చెప్పేశాడు. మెద్వెదేవ్ కాదనలేదు. మూడేళ్లపాటు పత్రికల్లో వ్యాసాలు రాసినవాళ్లు, టీవీల్లో గొంతు చించుకున్నవాళ్లు, విదేశీ రాయబారులు, పందెంరాయుళ్లు ఆ ఒక్క వాక్యంతో ఇళ్లకి పోవచ్చు. చర్చకి పెట్టిన విషయం చర్చ మొదలవకముందే తేలిపోయి ఉంది. చదరంగంలో రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో చోట్లు మారతాయే, రష్యన్లు దాన్ని రొకిరోవ్కా అంటారు. సాయంత్రానికి దేశమంతా అదే మాట.

మెద్వెదేవ్ సలహాదారు అర్కాదీ ద్వోర్కోవిచ్ ఆ మధ్యాహ్నమే ట్విటర్‌లో, సంతోషించడానికేమీ లేదనీ, స్పోర్ట్స్ ఛానల్ పెట్టుకోవలసిన సమయమైందనీ రాసుకున్నాడు. దేశం ఆరేళ్లు పోగొట్టుకున్నట్టేనని సోవియట్ మాజీ అధ్యక్షుడు గోర్బచేవ్ అన్నాడు. ఇంటర్నెట్‌లో పుతిన్ ముఖాన్ని ముసలిగా చేసి, సోవియట్ నాటి నేత బ్రెజ్నెవ్ కోటు తొడిగి, ఛాతీ నిండా పతకాలు తగిలించారు. ఇవన్నీ హాలు బయటి సంగతులు.

హాల్లో ఇంకో పని మిగిలింది. అభ్యర్థుల జాబితాని ఓటుకి పెట్టాలి. ఇక్కడ చప్పట్లు చెల్లవు. పార్టీ తన అభ్యర్థుల్ని రహస్య ఓటుతోనే నిర్ణయించాలని రష్యా పార్టీల చట్టం చెబుతుంది. కాబట్టి చీటీలు పంచారు. వేశారు. లెక్కపెట్టారు.

జాబితాకి అనుకూలం 582. వ్యతిరేకం ఒకటి.

ఒకటి చాలా చిన్న అంకె. అక్కడితో ఎవరైనా వదిలేసేవారు. పుతిన్ వదల్లేదు. ఆ మనిషి ఎక్కడ అని అడిగాడు. ఆ అసమ్మతివాది ఎవరో కనబడితే బాగుండేదన్నాడు. సరదాగానే అన్నాడు. హాలు నవ్వింది. ఎవరూ లేచి నిలబడలేదు.

ఆ దేశంలో అసమ్మతివాది అన్న మాటకి పాత చరిత్ర ఉంది. సోవియట్ రోజుల్లో ఆ పేరు పడ్డవాళ్లు జైళ్లకీ, పిచ్చాసుపత్రులకీ, దేశాంతరాలకీ వెళ్లారు. వాళ్ల వెంటపడే పని కేజీబీది. పుతిన్ తొలి ఉద్యోగం అందులోనే. ఆ రోజు నవ్వినవాళ్లలో యాభై దాటినవాళ్లందరికీ ఆ మాట ముందే తెలుసు.

ఎవరా ఒక్కరు? మగో ఆడో తెలీదు. ఏ ఊరి ప్రతినిధో తెలీదు. చోట్లు మార్చుకోవడం నచ్చక వేసిన ఓటు కావచ్చు. పుతిన్ మీద అభిమానంతో, జాబితాలో మొదటి పేరు మెద్వెదేవ్‌ది ఎందుకుండాలని వేసిన ఓటూ కావచ్చు. వందల పేర్ల జాబితాలో తన పేరు మరీ అడుక్కి పోయిందన్న కడుపుమంట కావచ్చు. కళ్లజోడు మర్చిపోయి వచ్చి పొరపాటున పెట్టిన గుర్తూ కావచ్చు. రహస్య ఓటు కదా, కారణం రాయడానికి చీటీలో చోటుండదు. ఉన్నది ఒక్కటే. 583 చీటీలు ఒకేలా మడిచారు, అందులో ఒకటి వేరే మాట చెప్పింది. దాన్ని మడిచిన చెయ్యి, బహుశా, ఆ తర్వాత అందరితోపాటు చప్పట్లు కూడా కొట్టింది.

అది శనివారం. సోమవారం నాటికి గుట్టుగా కాక బయటికే మాట్లాడిన మనిషి ఒకడు దొరికాడు. ఆర్థికమంత్రి అలెక్సీ కుద్రిన్. 2000 నుంచి ఆ పదవిలో ఉన్నాడు. మహాసభ జరిగేటప్పుడు వాషింగ్టన్‌లో ఉన్నాడు. రేపు మెద్వెదేవ్ ప్రధాని అయితే ఆ ప్రభుత్వంలో తాను ఉండనని అక్కణ్నుంచే చెప్పాడు. పుతిన్ రాకని ఆయన తప్పుపట్టలేదు. మెద్వెదేవ్ కింద పనిచేయనన్నాడు, అంతే.

26న దిమిత్రోవ్‌గ్రాద్‌లో సమావేశం. బల్ల చుట్టూ పెద్దలు, ఎదురుగా కెమెరాలు. అధ్యక్షుడి విధానం నచ్చకపోతే మిగిలిన దారి రాజీనామా ఒక్కటే, ఈ రోజే జవాబు కావాలని మెద్వెదేవ్ అడిగాడు. మీతో నాకు భేదాభిప్రాయాలున్న మాట నిజమే, ప్రధానితో మాట్లాడాక నిర్ణయించుకుంటానన్నాడు కుద్రిన్. ప్రధాని అంటే పుతిన్. ఎవరితోనైనా మాట్లాడుకో, ప్రధానితో కూడా మాట్లాడుకో, కానీ నేను అధ్యక్షుడిగా ఉన్నంతవరకు ఇలాంటి నిర్ణయాలు నేనే తీసుకుంటానన్నాడు మెద్వెదేవ్. కుర్చీ దిగిపోతున్నట్టు ఆయన తన నోటితోనే చెప్పి అప్పటికి రెండు రోజులు. సాయంత్రానికి కుద్రిన్ పదవి పోయింది.

ఆ దృశ్యం టీవీల్లో దేశమంతా చూసింది. లుజ్నికీ నుంచి ఊళ్లకి తిరిగివెళ్లిన 583 మందీ చూసే ఉంటారు.

రెండు నెలలు గడిచాయి. నవంబరు 20, ఆదివారం రాత్రి, మాస్కో ఒలింపిస్కీ స్టేడియం. రష్యా వస్తాదు ఫ్యోదర్ ఎమెలియానెంకో, అమెరికన్ జెఫ్ మాన్సన్‌ని ఓడించాడు. గెలిచినవాణ్ని అభినందించడానికి పుతిన్ రింగులోకి ఎక్కి మైకు అందుకున్నాడు. జనంలోంచి ఈలలు, అరుపులు లేచాయి. రష్యాలో అలాంటి ఈల మెచ్చుకోలు కాదు. టీవీలో అది ప్రత్యక్ష ప్రసారం. ఆ ఈలలు ఓడిపోయిన అమెరికన్‌ని ఉద్దేశించినవని పుతిన్ ప్రతినిధి ద్మిత్రీ పెస్కోవ్ వివరణ ఇచ్చాడు. ఇక్కడ మాత్రం ఆ మనిషి ఎక్కడని ఎవరూ అడగలేదు. హాల్లో చీకటి, పైగా మరీ ఎక్కువమంది.

సరిగ్గా వారానికి, నవంబరు 27న, లుజ్నికీలో మహాసభ మళ్లీ కూడింది. సెప్టెంబరులో చప్పట్లతో అయిపోయిన పనిని ఇప్పుడు కాగితం మీద పెట్టాలి. అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిగా పుతిన్‌ని లాంఛనంగా ఎన్నుకోవాలి. జెండాలు, నినాదాలు, పొగడ్తల ప్రసంగాలు మామూలే. పోటీ పేరేదీ లేదు. ఆ రోజు పుతిన్ తన ప్రసంగంలో, విదేశాల డబ్బు తీసుకుని ఎన్నికల్లో వేలు పెట్టేవాళ్ల సంగతి ఎత్తాడు. బైబిల్లో క్రీస్తుని పట్టిచ్చిన యూదా మన జనానికి అంత గౌరవపాత్రుడేమీ కాదని గుర్తుచేశాడు. ఎవరి పేరూ చెప్పలేదు.

ఓటు మాత్రం ఇప్పుడూ రహస్యమే. చట్టం మారలేదు. అవే చీటీలు, అవే పెట్టెలు. ఎవరు ఏ గుర్తు పెట్టారో పక్కవాడికి కూడా తెలిసే వీల్లేదు.

లెక్క చదివారు. అనుకూలం 614. వ్యతిరేకం సున్నా.

ఓటు వేసినవాళ్లు సెప్టెంబరు కంటే 31 మంది పెరిగారు. ఒక్కరు తగ్గారు.