అద్దెల బాబాయి అర్థశాస్త్రం

హైదరాబాదులో స్థిరపడ్డ ప్రతి తెలుగు కుటుంబానికీ ఒక అద్దెల బాబాయి ఉంటాడు. సొంత బాబాయే కానక్కర్లేదు. మేనమామ కావచ్చు, ఆఫీసులో సీనియర్ కావచ్చు. పెళ్ళి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చుని "ఎక్కడుంటున్నావు, ఎంతిస్తున్నావు?" అని అడిగి, మనం అంకె చెప్పగానే "అయ్యో" అనేవాడెవడైనా ఆ పదవికి అర్హుడే. ఉద్యోగంలో ఉండగానే అశోక్‌నగర్‌లోనో చిక్కడపల్లిలోనో 150 గజాల్లో ఇల్లు కట్టి ఉంటాడు. దాన్ని పోర్షన్లుగా కోసి, ఒక్కో పిల్లాడి చదువుకి ఒక్కో అంతస్తు లేపి, రిటైరయ్యాక కూకట్‌పల్లి వైపు ఒక ఫ్లాటు కూడా కొని అద్దెకిచ్చి ఉంటాడు. ఆయన్ని చూసి నవ్వడం తేలిక. మోటారు స్విచ్చికి తాళం వేస్తాడు, గోడకి మేకు కొడుతున్న చప్పుడు మూడంతస్తుల కింది నుంచి కూడా పట్టేస్తాడు. అయినా ఆయన తరఫున ఒక మాట వాదించాల్సి ఉంది. ఈ ఊళ్ళో అద్దెవాళ్ళ పట్ల ఉదారంగా ఉండగలిగినవాడు ఆయనే, ఉండగలగడానికి కారణం ఆయనకి పేట గురించి సమస్తం తెలియడమే. ఏమీ తెలియని ఇంటి యజమాని పిసినారి అవుతాడు, ఎందుకంటే ప్రతిదానికీ భయపడతాడు. బాబాయికి ఎక్కడ భయపడాలో తెలుసు కాబట్టి మిగతా చోట్ల చెయ్యి ధారాళంగా చాపుతాడు.

ఆ తెలియడం ఎలాంటిదో చూడాలి. పొద్దున ఆరింటికి, డాక్టరు చెప్పాడన్న సాకుతో, వాకింగుకి బయల్దేరతాడు. డాక్టరు చూస్తే ఏడ్చే నడక అది, ఇరవై అడుగులకోసారి ఆగుతుంది. ఇస్త్రీ బండి దగ్గర ఆగి, ఏ ఇంటి నుంచి బట్టలు రావడం తగ్గిందో కనుక్కుంటాడు. తగ్గిందంటే ఆ ఇల్లు ఖాళీ కాబోతోందన్నమాట. కిరాణా కొట్టులో ఎవరి ఖాతా పెరుగుతోందో తెలుసుకుంటాడు. నీళ్ళు వదిలే లైన్‌మన్‌ని ఆపి, ఏ వీధికి ఎన్నింటికి నీళ్ళొస్తున్నాయో, చివరింటికి ఎంత సన్నగా వస్తున్నాయో విచారిస్తాడు. మ్యాన్‌హోలు మూత చుట్టూ తడి కనపడితే గుళ్ళో ప్రదక్షిణంలా చుట్టూ తిరుగుతాడు. ఎవరైనా ఇల్లు కొంటున్నామని సలహాకి తీసుకెళ్తే హాలూ వంటగదీ చూడడు. ముందు కాంపౌండు గోడ దగ్గర వంగి, మట్టి చార ఎంత ఎత్తున ఉందో జానతో కొలుస్తాడు. గోడకి కింద మోకాలెత్తు మేరకే కొత్త రంగు వేసి ఉంటే గేటు లోపల అడుగు పెట్టడు. 2016 సెప్టెంబరులో నిజాంపేట భండారి లేఅవుట్‌లో అపార్టుమెంట్ల సెల్లార్లు మునిగి జనం పై అంతస్తుల్లో చిక్కుకుపోయారు. 2020 అక్టోబరు వానలకి చెరువుల కింది కాలనీలు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. ఈ రెండు వార్తలూ అందరూ టీవీలో చూశారు. బాబాయి మాత్రం ఏ వీధిలో నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో రాసి పెట్టుకున్నాడు.

పేటకో పంచాంగం ఉంటుందని ఆయన నమ్మకం, అది నిజం కూడా. స్కూలు పిల్లలున్న కుటుంబాలు ఏప్రిల్, మే నెలల్లో ఇళ్ళు మారతాయి. జూన్‌లో ఖాళీగా ఉన్న డబల్ బెడ్రూము దసరా దాకా ఖాళీగానే ఉండే ప్రమాదముంది. ఆషాఢంలో ఎవరూ పాలు పొంగించరు కాబట్టి జ్యేష్ఠం చివర్లో అద్దెవాడితో తగాదా పెట్టుకునే ఓనరు తెలివితక్కువవాడు. అమీర్‌పేటలో ఈ లెక్కలేవీ చెల్లవు. అక్కడ సాఫ్ట్‌వేర్ కోర్సుల బ్యాచీలు మొదలయ్యే తేదీలే తిథులు. అశోక్‌నగర్ పంచాంగం ఇంకో రకం. నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల గదులన్నీ గ్రూప్స్ రాసే పిల్లలతో నిండి ఉంటాయి కనక, పబ్లిక్ సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్‌ని అభ్యర్థుల కంటే శ్రద్ధగా చదివేది బాబాయే. పోస్టులెన్ని, ప్రిలిమ్స్ ఎప్పుడు, మెయిన్స్ ఎప్పుడు అన్నదాన్ని బట్టి ఏ గది ఎన్నాళ్ళు నిండుతుందో ఆయనకి తెలిసిపోతుంది. తెలంగాణలో 2022లో ఇచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో మళ్ళీ కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఆ మధ్యకాలమంతా ఆ గదుల్లో పిల్లలు ఏ నెలలో చేతులెత్తేస్తారో, ఊళ్ళో పత్తి అమ్మాక ఏ నెలలో డబ్బొస్తుందో తెలిసినవాడు అద్దె కోసం తలుపు తట్టడు. "రిజల్టొచ్చాక చూద్దాంలే, చదువుకోవయ్యా" అంటాడు. ఇది జాలి అని పిల్లవాడు అనుకుంటాడు. పత్తి ధర కూడా కనుక్కున్న తర్వాత పడే జాలి అది.

ఇక్కడ కాస్త అంకెలు తప్పవు. మన నగరాల్లో ఇల్లు అద్దెకివ్వడం బయటివాళ్ళు అనుకున్నంత లాభసాటి వ్యాపారం కాదు. 80 లక్షల ఫ్లాటుకి నెలకి 20,000 వస్తే ఏడాదికి 2 లక్షల 40 వేలు, అంటే 3 శాతం. అదే డబ్బు బ్యాంకులో వేస్తే అంతకు రెట్టింపు వడ్డీ వస్తుంది. ఇంత పలచని రాబడిలో ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉంటే పన్నెండో వంతు పోయినట్టే. 18,000 ఇస్తున్న అద్దెవాణ్ణి "బయట 20,000 నడుస్తోంది" అని లేపేశాడనుకుందాం. ఒక నెల ఖాళీకి 18,000, రంగులకి ఓ 15,000, బ్రోకరుకి సగం నెల అద్దె 10,000. మొత్తం 43,000 పోగొట్టుకుని నెలకి 2,000 సంపాదిస్తాడు. పెట్టింది రాబట్టుకోవడానికి దాదాపు రెండేళ్ళు పడుతుంది, ఆలోగా కొత్తవాడూ ఖాళీ చేస్తాడు. బాబాయి ఈ లెక్కని శుభలేఖ వెనక వేసి ఎప్పుడో తేల్చేశాడు. అందుకే 11 నెలల అగ్రిమెంటు మీద 11 ఏళ్ళుగా ఉండిపోయినవాళ్ళు ఆయన ఇళ్ళలో కనపడతారు. సంక్రాంతికి కింద పోర్షను నుంచి పైకి అరిసెలు వెళ్తాయి, ఎండాకాలంలో ఆవకాయ జాడీ వెళ్తుంది. ఖాళీ చేసేవాళ్ళకి అడ్వాన్సు సామాన్లు లారీ ఎక్కేలోపే చేతిలో పడుతుంది. బెంగళూరులో ఆరు నెలలో పది నెలలో అద్దె అడ్వాన్సుగా తీసుకునే అలవాటు ఎప్పట్నుంచో ఉంది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకి రెండు నెలలు మించొద్దంది. బాబాయి ఎప్పుడూ రెండు నెలలే తీసుకున్నాడు కాబట్టి, ఆ చట్టం తనని చూసే రాశారని చెప్పుకుంటాడు.

ఆయన ఔదార్యం అద్దెవాళ్ళతో ఆగదు. ప్లంబరు దగ్గర బేరమాడడు, ఆ రోజు డబ్బు ఆ రోజే ఇస్తాడు. పక్కింటాయన వంద రూపాయలు తగ్గించి, మిగతావి వచ్చే వారం ఇస్తానంటాడు. ఆదివారం మధ్యాహ్నం రెండిళ్ళలోనూ ట్యాంకు పొంగితే ప్లంబరు ఎవరింటికి ముందు వస్తాడో చెప్పక్కర్లేదు. వాచ్‌మన్ కూతురి స్కూలు ఫీజులో కొంత వేసుకుంటాడు. ఆ వాచ్‌మన్ ఎదుటి అపార్టుమెంటులో ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మంచి కుటుంబాన్ని చెయ్యి పట్టుకుని ఇక్కడికి తీసుకొస్తాడు. బ్రోకరుకి అడక్కుండానే కమిషన్ ఇస్తాడు కనక, బ్రోకరు ఆయన ఇంటిని చూపించేటప్పుడు వంటగదిలో వెలుతురు తక్కువన్న సంగతి మర్చిపోతాడు. ఈ వల అంతా ఒక్క రోజులో అల్లింది కాదు. ఇందులో ఒక్క పోగూ ఉచితంగా రాలేదు, ఒక్కటీ వృథా కాలేదు.

దీన్ని మంచితనమని ఎలా అంటారు, పచ్చి స్వార్థం కదా అని అడిగేవాళ్ళుంటారు. అందులో సగం నిజముంది. కానీ లాభం వచ్చినంత మాత్రాన చేసిన మంచి చెల్లని నోటైపోదు. అడ్వాన్సు చేతిలో పడ్డ అద్దెవాడికి అది ఏ ఉద్దేశంతో ఇచ్చారన్నది ముఖ్యం కాదు, కొత్తింటి వాళ్ళకి కట్టడానికి ఆ డబ్బు ఆ రోజే కావాలి. పైగా లెక్క తెలిసినవాళ్ళందరూ ఇలా చెయ్యరు. పైన చెప్పిన కూడికలు ఐదో తరగతి పిల్లాడు వేస్తాడు, ఓనర్లలో ఎక్కువమంది అయినా 2,000 కోసమే లేపేస్తారు. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, మూడు నెలల అద్దె వసూలు ఆపి తర్వాత వాయిదాల్లో తీసుకోమని తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటే, లెక్క తెలిసీ ఓపిక లేనివాళ్ళు ఎంతమందో ఊహించుకోవచ్చు. లెక్క వెయ్యడం వేరు, దాని ఫలితం వచ్చేదాకా రెండేళ్ళు చెయ్యి ముడుచుకు కూర్చోవడం వేరు. ఆ కూర్చోవడానికి కొంత స్వభావం కావాలి. ఆ స్వభావానికి మంచితనమన్న పేరు పెడితే పోయేదేమీ లేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరాలు రెండున్నాయి. మొదటిది ఆరా. ట్రాన్స్‌ఫార్మరు మీద ఎంత లోడుందో తెలుసుకోవడం అద్దెకి పనికొస్తుంది. మూడో పోర్షను అబ్బాయి ఈ వారం బిర్యానీ ఎన్నిసార్లు తెప్పించుకున్నాడో తెలుసుకోవడం దేనికీ పనికిరాదు. ఈ రెండింటికీ తేడా ఉందని బాబాయికి ఎవరూ నచ్చజెప్పలేకపోయారు. "స్విగ్గీ వాడు రాత్రి పదకొండింటికి గేటు కొట్టాడమ్మాయ్, ఒంట్లో బాగుందా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నలో ఆప్యాయత ఎంతో, గేటు తాళం వేసే వేళ గురించిన హెచ్చరిక ఎంతో విడదీయడం కష్టం. బయటి పేటను చదివిన కళ్ళు ఇంట్లోకొచ్చాక మూసుకోవు. అది ఆయన లోపమే, దానికి సమర్థన లేదు.

రెండోది మరీ తీవ్రమైనది. ఈ ఔదార్యమంతా ఎవరికి? ఫోనులో "మీదే ఊరండీ? ఇంటిపేరేమిటి?" అన్న రెండు ప్రశ్నల్లో తనకి కావలసిన కులం రాబట్టేస్తాడు. పేరు వినగానే మతం తెలిసిపోతే ఆ రెండూ కూడా అడగడు, "ఇప్పుడే అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారండీ" అంటాడు. టులెట్ బోర్డు మాత్రం మరో నెల గేటుకి వేలాడుతూనే ఉంటుంది. ఆ నెల 18,000 ఏ శుభలేఖ వెనకా లెక్కకి రాదు. ఇందులో నవ్వడానికేమీ లేదు, కానీ నా వాదానికి ఇంతకంటే మంచి సాక్ష్యమూ లేదు. ఇస్త్రీ బండినీ లైన్‌మన్‌నీ పత్తి ధరనీ కనుక్కున్న మనిషి, ఆ పేరు గల కుటుంబం గురించి మాత్రం ఏమీ కనుక్కోలేదు. పాత ఓనరుకి ఫోన్ చేస్తే ఐదు నిమిషాల్లో తెలిసేదాన్ని తెలుసుకోలేదు. తెలియని చోట ఆయన కూడా అందరిలాగే భయపడ్డాడు, భయపడ్డ చోట అందరిలాగే పిసినారి అయ్యాడు. ఆయన జ్ఞానం ఆగిన గీత దగ్గరే ఆయన ఔదార్యమూ ఆగింది.

ఈ రోజుల్లో ఇంత అవస్థ ఎందుకు, యాపుల్లో అన్నీ ఉన్నాయిగా అనేది అమెరికా అబ్బాయి. డాలస్‌లో కూర్చుని, బ్రోషరు చూసి, కోకాపేట టవర్లలో ముప్ఫయ్యో అంతస్తు కొంటాడు. 2023లో హెచ్ఎండీఏ వేలంలో అక్కడ ఎకరం 100 కోట్లు దాటిందన్న వార్త ఆయనకి ధైర్యం. "ఎకరం వంద కోట్లయితే అయ్యింది, వేసవిలో ట్యాంకరెంత?" అని బాబాయి అడిగితే నవ్వేస్తాడు. యాపు అద్దెవాణ్ణి తెస్తుంది, అద్దె కూడా తెస్తుంది. గీజరు పాడైనప్పుడు అద్దెవాడు పెట్టిన మెసేజీ డాలస్‌లో అర్ధరాత్రి మోగుతుంది. ఇక్కడ ఎవర్ని పిలవాలో తెలియక, ఆ పిలిచినవాడు చెప్పిన ధర నిజమో కాదో తెలియక, ప్రతి బిల్లులోనూ మోసం వెతుకుతాడు. ఆ అబ్బాయి స్వతహాగా దుబారా మనిషి, దానధర్మాలు కూడా చేస్తాడు. అయినా ఆయన అద్దెవాళ్ళు ఆయన్ని పిసినారి అనే అంటారు. మనసు పెద్దదైతే చాలదు, ప్లంబరు నెంబరు కూడా ఉండాలి.

ఇంత మెచ్చుకున్నాక బాబాయి ఏటా అద్దె పెంచడం మానేస్తాడా అంటే మానడు. ఏప్రిల్ ఒకటో తారీకున పైకి వచ్చి, కాఫీ తాగి, పిల్లల మార్కులడిగి, 5 శాతం పెంచి దిగిపోతాడు. అద్దెవాడు ఎదురు చెప్పడు. 18,000 మీద 5 శాతమంటే నెలకి 900. ఇల్లు మారితే లారీకీ, కూలీలకీ, కొత్త అడ్వాన్సుకీ, బ్రోకరుకీ ఎంతవుతుందో అద్దెవాడి కంటే ముందే, అద్దెవాడి తరఫున, బాబాయి లెక్క వేసేశాడు. 900 కంటే ఒక్క రూపాయి ఎక్కువ అడిగితే వాడు లారీని పిలుస్తాడని తెలుసు కాబట్టే 900 దగ్గర ఆగాడు. ఎదుటివాడి నష్టం కూడా మనమే కూడి, అది మించకుండా చూడటమే పెద్దమనిషి తరహా అని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతంలో తప్పు పడదామని ఏటా మార్చి నెలంతా కాగితం పెన్నూ పట్టుకుని కూర్చునే అద్దెవాళ్ళున్నారు. కూడిక మాత్రం ప్రతిసారీ సరిపోతుంది.